వెనక వరుస కిష్టమ్మ

కిష్టమ్మ మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది ధైర్యంగా చెప్పుకోవచ్చు. పక్కింట్లో జ్వరమొస్తే జావ కాచి పట్టుకెళ్తుంది, ఎవరింట్లో పెళ్లయినా పొయ్యి దగ్గర మొదట కూర్చునేది ఆమే. కాని ఒక్కసారి ఆమె మనసు విరిగిందా, ఇక అతుకు పడదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆడబిడ్డ ఒకామె "నీ చేతి పచ్చిపులుసు పశువులు తాగుతయి" అంది. కిష్టమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత అదే ఆడబిడ్డ కూతురి పెళ్లిలో గంగాళం నిండా పచ్చిపులుసు కలిపి, బంతి మొత్తానికి తానే వడ్డించుకుంటూ వచ్చి, ఆ ఆడబిడ్డ విస్తరి దగ్గర ఆగి, "వదినా, ఇది పశువులు తాగేది, నీకొద్దులే" అని పక్క విస్తరికి వెళ్లిపోయింది.

"పామన్నా పన్నెండేండ్లకు మర్శిపోతదంటరు" అని ఆమె మొగుడు మట్టయ్య అందరికీ నవ్వుతూ చెప్పేవాడు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె నుంచి వచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిల వ్యాపారం చేసి, ఎల్బీ నగర్ దగ్గర కాలనీలో ఇల్లు కట్టిన మనిషి ఆయన. నవ్వేవాడే గాని, పెళ్లాంతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్తగానే ఉండేవాడు.

ఈ కిష్టమ్మకు షుగర్ వచ్చింది. ఒళ్లు కదిలించకపోతే లాభం లేదని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. కూతురు అరుణజ్యోతి తల్లిని తీసుకెళ్లి కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ల ఏరోబిక్స్ క్లాసులో చేర్పించింది. పిల్లలు బడికి, మగవాళ్లు పనులకు పోయాక జరిగే క్లాసు. నేర్పేది ఉదయలక్ష్మి. భీమవరం పిల్ల, ముప్ఫై దాటి ఉంటాయి. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. పిల్ల చురుకైనదే, కష్టపడేదే. నాలుకకు మాత్రం కళ్లెం లేదు.

ఏ విద్యయినా సరే, నేర్పేవాళ్లకు మొక్కందే మొదలుపెట్టకూడదని కిష్టమ్మ పట్టింపు. అందుకని మొదటి రోజు కొబ్బరికాయ, తమలపాకులు, బుట్టెడు బత్తాయిలు పట్టుకెళ్లింది. చెప్పులు బయట విడిచి, గడపకు మొక్కి, తన కూతురి ఈడు పిల్ల కాళ్లకు వంగబోయింది. ఉదయలక్ష్మి రెండడుగులు వెనక్కి గెంతింది.

"అయ్యయ్యో, ఇదేం పనండీ! ఇక్కడ ఇవన్నీ ఉండవు. నన్ను పేరు పెట్టి పిలవండి, రేపట్నించి షూస్ వేసుకుని రండి, చాలు."

ఆ రెండూ కిష్టమ్మ వల్ల కాలేదు. నేర్పేదాన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, నేర్చుకునే చోట చెప్పులు తొక్కడానికి కాలు రాదు. కాబట్టి ఉత్త కాళ్లతోనే వచ్చేది, "పంతులమ్మా" అనే పిలిచేది. వెనక ఒకరిద్దరు కిసుక్కుమనేవాళ్లు. మర్నాడు చూస్తే బత్తాయిల బుట్ట గోడవార పెట్టింది పెట్టినట్టే ఉంది. అది కూడా మింగుకుంది. చదువుకున్నోళ్లు, వాళ్లకు ఇవి పట్టవేమో అనుకుంది.

మింగుకోలేనిది పది రోజుల తర్వాత జరిగింది.

కిష్టమ్మ మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. ఊళ్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఎముకలు. నడుం కూడా కాస్త ముందుకు వంగే ఉంటుంది. ఆ ఊరివాళ్లందరిదీ అదే నడక, అందుకని అదొక లోపమని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. ఆ రోజు ఉదయలక్ష్మి పాట ఆపి, కిష్టమ్మ చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ తీసుకొచ్చి నిలబెట్టింది.

"అందరూ ఒకసారి ఇలా చూడండి. కిష్టమ్మగారిలా చెయ్యకూడదన్నమాట." అని మోకాళ్లు మడిచి, నడుం ముందుకు వంచి, ఆమె గెంతే తీరును దింపేసింది. "ఇది నాట్లు వెయ్యడం కాదు కదండీ!"

హాలు గొల్లుమంది. పక్క వీధి ముత్తమ్మ కూడా నవ్వింది. ముత్తమ్మదీ నల్లగొండే, ఆమెవీ ఆ నీళ్లు తాగిన మోకాళ్లే.

"మీరు వెనక వరుసలో ఉండండమ్మా. లేకపోతే మిమ్మల్ని చూసి మిగతావాళ్లు తప్పు చేస్తారు" అంది ఉదయలక్ష్మి, చాలా మర్యాదగా.

ఆ మర్యాదే మండించింది. ఏమే, ఒసే అని తిడితే తిరిగి తిట్టొచ్చు. "అండీ" తగిలించి కొడితే ఏం చెయ్యాలి? నీళ్ల సంగతి చెబితే పోయేది. ఆ పిల్ల నొచ్చుకుని క్షమించమనేది కూడా. కిష్టమ్మ చెప్పలేదు. కూతురితో అన్న మాట ఇది: "చెప్తే జాలి పడుతది. జాలి పడ్డదాని మీద పగ ఎట్ల తీర్సుకుంటం?"

ఆ సాయంత్రం మట్టయ్య చాయ్ అందిస్తే గ్లాసు పక్కకు తోసేసింది.

"దాన్ని పది మంది ముంగట నిలవెట్టి నవ్వియ్యాలె. అప్పటిదాంక చాయ్ ముట్ట."

చాయ్ అంటే ప్రాణం పెట్టే మనిషి. మట్టయ్య నోరెళ్లబెట్టాడు. తరువాతి నెలలో షుగర్ తగ్గిందని డాక్టరు మెచ్చుకున్నాడు, అది వేరే సంగతి.

ఇక క్లాసు మానేస్తుందనుకున్నారు అందరూ. ఒక్క రోజు మానలేదు. వెనక వరుసలో గోడకు చేరువగా నిలబడి, ఉదయలక్ష్మిని పిల్లి ఎలుకను చూసినట్టు చూసేది. చూడగా చూడగా రెండు సంగతులు తెలిశాయి.

ఒకటి. ఉదయలక్ష్మి ఎప్పుడూ అందరికీ ఎదురుగా నిలబడేది. వాళ్లు కుడి చెయ్యి ఎత్తాలంటే తను ఎడమ చెయ్యి ఎత్తేది, వాళ్లు కుడికి జరగాలంటే తను ఎడమకు జరిగేది, అద్దంలో చూసుకున్నట్టు ఉండాలని. ఏళ్ల తరబడి అదే పని. ఎదురుగా మనుషులు కనిపిస్తే చాలు, ఆ ఒంటికి ఇంకో రకంగా కదలడం రాదు.

రెండో సంగతి అనుకోకుండా దొరికింది. పాట మధ్యలో "వెనక్కి తిరగండి!" అని అరిచేది ఉదయలక్ష్మి. అందరూ గోడవైపు తిరిగేవాళ్లు. అప్పుడు కిష్టమ్మ ముందర ఎవరూ ఉండరు. వెనక వరుస కాస్తా ముందు వరుస అయిపోతుంది. ఆ ఆడవాళ్లలో అడుగులు గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ముందున్నవాళ్ల మడమలు చూసి కాలు వేయడమే. ఒక రోజు కిష్టమ్మ పొరపాటున ఒక గెంతు ఎక్కువ గెంతింది. హాలంతా గెంతింది.

"ఏమైందండీ మీ అందరికీ?" అని ఎక్కడో వెనక నుంచి ఉదయలక్ష్మి గొంతు వినిపించింది.

కిష్టమ్మ ఆ రోజు ఇంటికి పోతూ దారంతా నవ్వుకుంది. అయినా తొందరపడలేదు. నాలుగు గోడల మధ్య తీర్చుకుంటే చాలదు. కాలనీ అంతా చూడాలి. ఆ రోజు వచ్చేదాకా తన అడుగుల్లో తప్పన్నది లేకుండా సాధన చేసింది. వంటింట్లో బియ్యం ఏరుతూ కూడా కాళ్లు ఆడించేది. మోకాలు చాపుకోకపోతే ఏం, అడుగు మాత్రం సరిగ్గా తాళానికి పడేది. ముందు అందరూ తన మడమలను నమ్మేలా చెయ్యాలి కదా, తర్వాతే ముంచేది.

ఈలోగా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, సింగరేణిలో బొగ్గు ఆగి కరెంటు కోతలు మొదలయ్యాయి. కిష్టమ్మ కూడా ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్ష శిబిరానికి పోయి కూర్చునేది. రోడ్డు మీద వంటావార్పు పెడితే పప్పు ఆమే వండింది. ఒక పూట కాలనీ సంఘం సెక్రటరీ శ్రీనివాస్ ఆమె ఇంటికొచ్చాడు.

"పెద్దమ్మా, గా ఏరోబిక్స్ ఆమె మన యాసను ఎక్కిరిచ్చిందని ఒక్క మాట చెప్పు. హాల్ ఖాళీ చేపిస్త. మన మీటింగులకు పనికొస్తది."

కిష్టమ్మ చాట పక్కన పెట్టింది.

"నా నడుమును ఎక్కిరిచ్చింది బిడ్డా, నా యాసను కాదు. లేని మాట నేనెందుకు చెప్త?"

"ఏదైతేంది పెద్దమ్మా, పగే గదా నీకు కావాల్సింది."

"నా పగ నేను తీర్సుకుంట. నీకు కిరాయికిస్తనా?"

శ్రీనివాస్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. హాలు సంగతి మాత్రం వదల్లేదు. అది ఉదయలక్ష్మి చెవిన పడింది. అందరికీ దగ్గరగా ఉన్నట్టు ఉంటుంది, నాలుగు మంచి మాటలూ వస్తాయనుకుందేమో, బతుకమ్మ ఆటకు ముందు తన క్లాసు ఆడవాళ్లతో ఒక ప్రదర్శన పెడతానని సంఘాన్ని అడిగింది. సంఘం సరేనంది. సంగతి విన్న కిష్టమ్మ దేవుడి పటానికి దీపం పెట్టింది.

ఆ సాయంత్రం హాలు ముందు ఖాళీ జాగాలో ఒకవైపు కుర్చీలేశారు, మధ్యలో బతుకమ్మలు పేర్చి పెట్టారు. ఆరింటికి కరెంటు పోతుందని కాలనీలో అందరికీ తెలుసు. ఆలోపే ప్రదర్శన ముగించాలని ఉదయలక్ష్మి తొందరపడింది. కాని దానికి ముందు గౌరమ్మ పూజ కావాలి, అది చేసేది పెద్ద ముత్తయిదువ కిష్టమ్మ. ఆమె పసుపు ముద్దను చేసిందే మళ్లీ చేసింది, బొట్టు పెట్టిందే మళ్లీ పెట్టింది, అగ్గిపెట్టె దొరకలేదంది. అగ్గిపెట్టె ఆమె కొంగులోనే ఉంది.

చివరికి పాట మోగింది. ఉదయలక్ష్మి కుర్చీలకు వీపు పెట్టి, ఆడవాళ్లకు ఎదురుగా నిలబడింది. అందరూ చక్కగా చేస్తున్నారు, కుర్చీల్లో చప్పట్లు పడుతున్నాయి. "వెనక్కి తిరగండి!" అంది. అందరూ తిరిగారు. అదే క్షణాన కాకపోయినా, కాసేపటికే కరెంటు పోయింది. పాట ఆగింది.

ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అందరి చూపూ అలవాటుగా కిష్టమ్మ మడమల మీదికి పోయింది. కిష్టమ్మ ఆగలేదు. ఒక్క చప్పట కొట్టి, బతుకమ్మ ఉయ్యాల పాట ఎత్తుకుని, కుడికి తిరిగి వంగి అడుగేసింది. ఆమె వెనక ముత్తమ్మ, ముత్తమ్మ వెనక అందరూ. కోస్తా ఆడవాళ్లు కూడా ముందున్న కాళ్లను చూసుకుంటూ వచ్చేశారు. బతుకమ్మల చుట్టూ వలయం తిరిగింది. నాట్లేసే నడుం అని నవ్వించిన నడుమే అక్కడ అందరికంటే అందంగా వంగింది.

ఉదయలక్ష్మి నవ్వు తెచ్చిపెట్టుకుని తనూ వలయంలో కలిసింది. అక్కడే చిక్కింది. వలయంలో అవతలి పక్క ఆడవాళ్లు ఎదురుగా కనిపిస్తారు. ఎదురుగా మనుషులు కనిపించగానే ఆమె ఒళ్లు అద్దమైపోయింది. అందరూ కుడికి పోతుంటే తను ఎడమకు పోయింది. వచ్చేవాళ్లను గుద్దుకుంది, తమాయించుకుంది, మళ్లీ ఎడమకే పోయింది. సరిగ్గా కుర్చీల ముందు.

కిష్టమ్మ పాట ఆపింది.

"అందరు ఒకపారి గిట్ల చూడండీ" అంది, ఆ "అండీ"ని అచ్చం భీమవరం సాగదీతతో సాగదీసి. "ఉదయలక్ష్మి గారి లెక్క చెయ్యొద్దన్నమాట." అని, ఎడమకు గెంతి గుద్దుకుని తూలడం దింపేసింది.

కాలనీ అంతా విరగబడి నవ్వింది. కుర్చీల్లో మగవాళ్లు నవ్వారు, పిల్లలు నవ్వారు. ఉదయలక్ష్మి ముఖం కందిపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. కిష్టమ్మ ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. జాలి కలగలేదు. కడుపు చల్లబడింది. ఎన్ని నెలలుగానో ఎండిన నోట్లో అప్పుడే చాయ్ రుచి తగిలింది.

ఇంతలో వెనక కుర్చీల నుంచి ఎవడో "పోవమ్మా, మీ ఆంధ్రకు పోయి ఎగురు!" అని కేకేశాడు. శ్రీనివాస్ లేచి, "హాల్ కూడా ఖాళీ చెయ్యాలె" అని అందుకున్నాడు. నవ్వు రంగు మారింది.

కిష్టమ్మకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు ఎండి పండించుకున్న నవ్వు అది. ఎవడో వచ్చి అందులో పుల్ల పెడుతున్నాడు.

"శ్రీనివాసూ, కూసో! నవ్విచ్చింది నేను. ఎల్లగొట్టమని నీకెవరన్న చెప్పిండ్రా? గీమె నా పంతులమ్మ. గీమెతోటి కొట్లాడేది నేనొక్కదాన్నే, ఎరికేనా?"

శ్రీనివాస్ కూర్చున్నాడు. కిష్టమ్మ ఉదయలక్ష్మి మణికట్టు పట్టుకుని లాక్కొచ్చి తన వెనక నిలబెట్టుకుంది.

"ఎదురుంగ చూడకు. కిందికి చూడు. నా మడిమెలు చూస్కుంట రా."

ఉదయలక్ష్మి తల వంచి, వంకర మోకాళ్ల కింద పగుళ్లు పడ్డ ఆ మడమలను చూసుకుంటూ, బతుకమ్మలను సాగనంపేదాకా తప్పు లేకుండా ఆడింది. ఆ రోజు మట్టయ్య కలిపిన చాయ్ కిష్టమ్మ రెండు గ్లాసులు తాగింది.

పండుగ వెళ్లాక క్లాసు మళ్లీ మొదలైంది. కిష్టమ్మ గడపకు మొక్కి, ఉత్త కాళ్లతో లోపలికి వచ్చి, గోడవార తన చోటికి పోయి నిలబడింది. ఉదయలక్ష్మి గొంతు సవరించుకుంది.

"కిష్టమ్మగారూ, మీరు ముందు వరుసలోకి రండి."

"వద్దు పంతులమ్మా. తిరిగేదాంక నువ్వు ముందు, తిరిగినంక నేను ముందు. నాకీడనే బాగున్నది."

ఉదయలక్ష్మి పాట పెట్టింది. చేతులెత్తించింది, వంచింది, గెంతించింది. కిష్టమ్మ అన్నీ చేస్తూ, ఆ ఒక్క మాట కోసం ఓపికగా ఎదురుచూసింది.

ఆ రోజు క్లాసు అయిపోయేదాకా వెనక్కి తిరగమని ఉదయలక్ష్మి ఒక్కసారి కూడా అనలేదు.