చిట్టగాంగ్ వెళ్ళిపోయిన అక్క

మా వీధి గోడల నిండా విప్లవం గురించి రాసి ఉండేది. ఎర్రరంగుతో, బెంగాలీలో, మనిషంతేసి అక్షరాలు. వాటిని చూసుకుంటూ బడికెళ్ళేదాన్ని. కలకత్తా ఒకప్పుడు దేశానికి రాజధాని అనీ, ఆ తర్వాత రాజధాని ఢిల్లీకి పోయిందనీ, పెద్ద యుద్ధంలో ఇక్కడ బాంబులు పడ్డాయనీ బళ్ళో ఓ రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. ఆ బాంబులు పడింది మా ఇంటికి కూతవేటు దూరంలోనేనని నాకు చెప్పింది మాత్రం అమ్మమ్మే.

మేం గార్డెన్ రీచ్‌లో, ఓడరేవు గోడ వెనక సందులో ఉండేవాళ్ళం. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు. ఆయన పోయాక అమ్మమ్మ మా దగ్గరే ఉండిపోయింది. నాన్న కార్పొరేషన్ నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేవాడు. ఆ రోజుల్లో ఊళ్ళో కరెంటు పోని సాయంత్రం లేదు. లోడ్‌షెడింగ్ కాగానే అమ్మమ్మ హరికేన్ లాంతరు వెలిగించి గుమ్మంలో కూర్చునేది. నేను పుస్తకం మూసేసి పక్కన చేరేదాన్ని.

ఎన్నిసార్లు చెప్పినా అమ్మమ్మ కథ పక్కింటావిడతోనే మొదలయ్యేది. ఆవిడ భర్త ఓడల మీద పనిచేసేవాడు. వాళ్ళు తూర్పు బెంగాల్లోని చిట్టగాంగ్ మనుషులు, ముస్లింలు. ఆవిడకి తెలుగు రాదు, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మమ్మకి బెంగాలీ రాదు. తనకంటే పెద్దది కదాని అమ్మమ్మ “అక్కా” అని పిలిచేది. అది తనకి పెట్టిన పేరనుకుని ఆవిడ పలికేది. చాలా నెలల తర్వాత గానీ ఆ మాటకి అర్థం తెలియలేదట. తెలిసిన రోజున ఆవిడ కళ్ళు తుడుచుకుందని చెప్పేది అమ్మమ్మ.

“పట్టపగలే వచ్చినాయి జపానోళ్ళ ఇమానాలు,” అనేది. “నాను కుళాయికాడ బట్టలుతుకుతన్నాను. మీ యమ్మ చంటిది, ఇంట్లో ఉయ్యాల్లో ఉంది. సైరను కూత మొదలవగానే ఎటు పరిగెత్తాలో నాకు తెలీనేదు. అక్క ముందు మా ఇంట్లోకెళ్ళి పిల్లనెత్తుకుంది. మళ్ళొచ్చి నా రెక్కట్టుకుని లాక్కుపోనాది.”

“ఎక్కడికి?”

“ఆళ్ళ మంచం కిందకి. నేల కదిలిపోనాది. పెంకులు రాలినాయి. పిల్ల గుక్కట్టి ఏడుస్తంటే నాను ‘ఏటీ నేదమ్మా, ఏటీ నేదు’ అంటన్నాను. అక్క తన సెయ్యి నా తలమీదెట్టింది. తన తలమీద ఏటీ నేదు, సూడు.”

పొద్దున్న రేవులోకెళ్ళిన కూలీల్లో చాలామంది తిరిగి రాలేదు. తాతయ్య సాయంత్రానికి ఒళ్ళంతా మసితో వచ్చాడు. మర్నాటినుంచి జనం హౌరా స్టేషన్ దారి పట్టారు. నువ్వూ పిల్లా ఊరెళ్ళిపొమ్మన్నాడు తాతయ్య. “అక్కనొగ్గేసి నానెల్ను,” అంది అమ్మమ్మ. వెళ్ళలేదు.

యుద్ధం అయ్యాక ఊళ్ళో హిందువులూ ముస్లింలూ ఒకరినొకరు నరుక్కున్న రోజులొచ్చాయి. మా సందులో హిందువుల ఇళ్ళు తక్కువ. తాతయ్య రేవు లోపల చిక్కుకుపోయాడు. అక్క అమ్మమ్మనీ పిల్లనీ తన ఇంట్లో పెట్టుకుని, తను గడప మీద కూర్చుంది. కొందరొచ్చి లోపల ఎవరని అడిగారు. “నా చెల్లెలు, దాని కూతురు. చూడాలంటే నన్ను తొక్కుకుంటూ పోండి,” అందిట. వాళ్ళలో ఒకడు తల వంచుకుని పక్కకి జరిగాడు. మిగతావాళ్ళూ అతని వెనకే వెళ్ళిపోయారు. అప్పటికి అమ్మమ్మకి బెంగాలీ వచ్చు. తలుపు వెనక నించుని ప్రతి మాటా వింది.

తర్వాత దేశం రెండైంది, చిట్టగాంగ్ పాకిస్తాన్‌లోకి పోయింది. అక్క భర్త సొంతూరు చేరిపోదామన్నాడు. “గొడవలు సర్దుకోనీ, వచ్చేస్తాను,” అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. ఉత్తరాలు రాసుకుందామంటే ఇద్దరికీ చదువు రాదు. ఇంకేముంది, అంతే.

బంగ్లాదేశ్ యుద్ధం నాటికి నేను పసిదాన్ని. బస్సుల దీపాలకి సగం నల్లరంగు పూశారనీ, ఊరి చివర శరణార్థుల గుడారాలు వెలిశాయనీ అమ్మ చెప్పింది. అమ్మమ్మ కొంగున మరమరాలు కట్టుకుని అక్కడికి పోయి, చిట్టగాంగ్ వాళ్ళెవరైనా ఉన్నారా అని గుడారం గుడారానికీ తిరిగేదట. అటువాళ్ళు ఇటు రారు, దూరం అని ఎవరో చెప్పినా మానలేదు.

నేను కాలేజీలో ఉండగా ఒక మధ్యాహ్నం నడివయసు మనిషొకడు మా సందులోకొచ్చాడు. కళ్ళ వైద్యానికి బంగ్లాదేశ్ నుంచి వచ్చాడట, కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. మా అమ్మ ఈ సందులో ఉండేది, పక్కింట్లో తెలుగు ఖాలా ఉండేదట అన్నాడు. ఖాలా అంటే పిన్ని. నేను లోపలికెళ్ళి అమ్మమ్మని పిలిచాను.

ఆవిడ గుమ్మం పట్టుకుని చాలాసేపు అతని మొహం చూసింది. “మీ అమ్మ రానేదా?” అని తెలుగులో అడిగింది. మళ్ళీ తనే బెంగాలీలో అడిగింది.

అతను తల దించుకున్నాడు. “అమ్మ పోయింది ఖాలా. కొన్నేళ్ళయింది.”

అమ్మమ్మ ఏడవలేదు. కూర్చోమని చాప వేసింది. అతనే నెమ్మదిగా చెప్పాడు, “చిన్నప్పుడు పిడుగు పడితే అమ్మ మమ్మల్ని దగ్గరికి తీసుకుని ‘ఏటీ నేదమ్మా, ఏటీ నేదు’ అనేది. మా ఊళ్ళో ఎవరికీ ఆ మాటలకి అర్థం తెలీదు. దేవుణ్ణి వేడుకునే దువా ఏదో అనుకునేవాళ్ళం.”

అప్పుడు ఏడ్చింది అమ్మమ్మ. చేత్తో నోరు మూసుకుని, చప్పుడు లేకుండా. తర్వాత అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను తింటుంటే ఒక్కొక్కటే అడిగింది.

“జుట్టు తెల్లబడిపోనాదా?”

“మొత్తం.”

“పళ్ళు?”

“కొన్నే మిగిలాయి. అయినా తమలపాకు మానలేదు.”

“నడిచేదా?”

“చివరిదాకా.”

“అక్క ముసిల్దైపోనాది,” అని నావైపు తిరిగి ఆశ్చర్యంగా అంది. ఆవిడ మనసులో అక్కకి ఇంకా పాతికేళ్ళే.

ఆ తర్వాత అమ్మమ్మ ఎదురుచూడటం మానేసింది. చెప్పడమూ తగ్గించేసింది. కరెంటు పోయిన సాయంత్రాలు ఊరికే కూర్చునేది. నాకది భరించడం కష్టంగా ఉండేది.

ఆవిడ పోయినప్పుడు మెయిన్ రోడ్డు మీద ఫోన్ బూత్ నుంచి, అతను రాసిచ్చి వెళ్ళిన చిట్టగాంగ్ నంబరుకి ఫోన్ చేశాను. “మా అమ్మని పడుచుదానిగా చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు,” అన్నాడు. నాకూ అదే అనిపించింది. వాళ్ళిద్దరూ కలిసి బతికిన కలకత్తాని చూసినవాళ్ళూ లేరు. నేను ఆ సందులోనే పుట్టాను, కానీ ఆ ఊరు నేనెరగను.

“ఒకసారి మా ఇంటికి రా తల్లీ,” అన్నాడతను. “పెరట్లో పోకచెట్ల కింద అమ్మ సమాధి ఉంది. అక్కడ్నుంచి నది కనిపిస్తుంది.”

వస్తానన్నాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు, ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంది. ఇప్పుడు ఢాకాకి రైలు కూడా వేశారు. చలికాలం రాగానే ఈసారైనా బయల్దేరాలనుకుంటాను. ఇంకా వెళ్ళలేదు.