ఊరికీ పాలేనికీ ఒకే వంట

ఊరికి ఎడంగా ఉండే మా పాలెంలో ఏ శుభకార్యం జరిగినా రెండు పందిళ్ళు వేస్తారు. ఒకటి మాకు. రెండోది పాలెం మొదట్లో, సిమెంటు రోడ్డు మీద, ఊళ్ళోంచి వచ్చే రైతులకు. ఆ రెండో పందిట్లో వంటకు ఊళ్ళోని మనిషే వస్తాడు. గిన్నెలు అద్దెకు తెస్తారు, నీళ్ళ డ్రమ్ము విడిగా పెడతారు. వాళ్ళు తిని లేచేదాకా మావాళ్ళెవరూ అటు పోరు. రెండు పొయ్యిల మీదా ఉడికేది ఒకే కొట్టు బియ్యం, ఒకే పొట్టేలు. ఖర్చు మాత్రం మాదే. ఇది తప్పని గానీ ఒప్పని గానీ నా చిన్నప్పుడు ఎవరూ అనగా వినలేదు. వాన వస్తే గొడుగు వేసుకున్నట్టు, శుభకార్యం వస్తే రెండో పందిరి వేసేవాళ్ళు, అంతే.

నేను పొదిలిలో ఒక బడిలో టీచర్ని. స్టాఫ్ రూములో పదిమందిమి క్యారియర్లు విప్పి ఒకరి కూర ఒకరం వేసుకుంటాం. మా ఊరి రైతులు కూడా మార్కాపురం పోతే హోటల్లో సుష్టుగా బిర్యానీ తిని వస్తారు. వంటింట్లోకి తొంగిచూసి గరిటె ఎవరి చేతిలో ఉందని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఈ పట్టింపంతా మా పాలెం దగ్గరికి వచ్చేసరికే వాళ్ళకు గుర్తొస్తుంది. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో నాకు కోపిష్టిదని పేరు. ఆ పేరును నేనూ కష్టపడి నిలబెట్టుకుంటున్నాను.

బేస్తవారిపేట అవతల మా ఊళ్ళో నాయన ఉండే రేకుల ఇల్లు తీసేసి, నా జీతంతో చిన్న స్లాబు ఇల్లు కట్టించాను. మంచి రోజు చూసుకుని, పాస్టరుగారిని పిలిచి ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. షామియానా అతనికి ఫోన్ చేస్తుంటే నాయన పక్కకొచ్చి, "రెండు పందిళ్ళని చెప్పమ్మా" అన్నాడు.

"ఒకటే" అన్నాను.

"ఒకటే వేస్తే ఊరోళ్ళు యాడ తింటారు?"

"మనతో పాటే తింటారు నాయనా. రెండు పొయ్యిలు పెట్టేటట్టయితే భోజనాలే వద్దు. ప్రార్థన చేసుకోని గడప దాటుదాం."

నాయన భుజం మీద తుండు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "ఆయన తినకుండా పోతే ఎట్లమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఆయన అంటే ఆసామి. నలభై ఏళ్ళుగా నాయన పనిచేస్తున్నది ఆయన చేలోనే. కంది కోసింది, మిరపకు నీళ్ళు కట్టింది, ఆ ఇంటి పెళ్ళిళ్ళలో ఎంగిలి విస్తళ్ళు ఎత్తింది నాయనే. సొంత ఇల్లు కట్టుకోవడం నాయనకు సగం పండగ. ఆసామి ఆ ఇంట్లో కూర్చుని నాలుగు ముద్దలు తింటే మిగతా సగం. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే పట్టుపట్టాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. కార్డు అచ్చు వేయించడానికి గిద్దలూరు పోయి, కింద ఇంకో వాక్యం చేర్పించాను: "అందరికీ ఒకే వంట, ఒకే బంతి." ప్రెస్సు అతను తలెత్తి, "ఇట్ల ఎవరూ వేయించరు మేడమ్" అన్నాడు. "అందుకే వేయిస్తున్నా" అన్నాను. ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు బస్సెక్కి ఇంటికొచ్చాను.

నాయనకు చదువు రాదు. ఆ వాక్యం ఉందని నేను చెప్పలేదు. చెబితే కార్డులు పంచడని భయం. కొత్త చొక్కా వేసుకుని కార్డుల కట్ట పట్టుకుని మొట్టమొదట ఆసామి ఇంటికే పోయాడు. ఆసామి కళ్ళజోడు పెట్టుకుని, అరుగు మీద ఉన్న నలుగురికీ వినిపించేలా కార్డంతా చదివాడట. చివరి వాక్యం రెండుసార్లు చదివి, "బాగా రాసింది మీ పాప. వస్తాలే పో" అన్నాడట.

నాయన ఇంటికొచ్చి మిగిలిన కార్డులు నా ముందు పెట్టాడు. "అచ్చేసినావంట కదమ్మా. నోటితో అయితే నేను ఎట్లో సర్ది చెప్పుకునేవాణ్ణి. కాగితం మీదికెక్కినాక ఇంక సర్దుకునేదానికి ఏముంది?"

దాచిపెట్టినందుకు క్షమించమన్నాను. రాసినందుకు మాత్రం అనలేదు. నాయన కార్డులు తీసుకుని మిగతా ఇళ్ళకు పోయాడు.

ప్రతిష్ఠ రోజు బుధవారం. పాస్టరుగారు రిబ్బను కత్తిరించారు, కీర్తన చదివారు, గది గదికీ వెళ్ళి ప్రార్థన చేశారు. బయట ఒకటే పందిరి. అందులో ముందున్న నాలుగు టేబుళ్ళ మీద మాత్రం నాయన తెల్లగుడ్డ పరిపించాడు. ఊరివాళ్ళ కోసం. ఆ మాత్రం నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. మావాళ్ళు వెనక నిలబడి ఎదురుచూస్తున్నారు.

ఒంటిగంటకు ఆసామి వచ్చాడు. వెనక పది పన్నెండు మంది రైతులు. ఇల్లంతా తిరిగి చూశాడు, టైల్స్ బాగున్నాయన్నాడు. నాయన కూల్ డ్రింక్ సీసా ఇస్తే తనే మూత తిప్పుకుని తాగాడు. సీలు ఉన్న సీసాకు అంటు అంటదు కాబోలు.

"అన్నా, భోంచేద్దురు రాండి" అన్నాడు నాయన, తెల్లగుడ్డ పరిచిన టేబుల్ దగ్గర కుర్చీ జరిపి.

"లేదయ్యా, షుగరుంది నాకు. బయట ఏమీ తినగూడదన్నాడు డాక్టరు."

చేతిలో సగం తాగిన కూల్ డ్రింక్ ఉంది. నాయన కుర్చీ పట్టుకునే నిలబడ్డాడు.

వెనక వచ్చినవాళ్ళలో ఇద్దరికి షుగర్, ఒకాయనకు గ్యాస్, ఇంకొకాయనకు ఆ రోజే ఉపవాసం. పావుగంటలో ఊరికి ఊరే జబ్బున పడింది. నాతో పదో తరగతి చదివిన ఒక రైతు పక్కకు పిలిచి, "నువ్వు ఆ మాట అచ్చెయ్యకుండా ఉంటే నేను తినిపోయేవాణ్ణి. ఇప్పుడు పెద్దోళ్ళ ముందర ఎట్ల కూచునేది?" అన్నాడు.

"చాటుగా తినేదానికి మా ఇల్లెందుకు? మార్కాపురంలో హోటళ్ళు చాలా ఉన్నాయి" అన్నాను. ముఖం మాడ్చుకుని పోయాడు. అతన్ని అలా అన్నందుకు నాకు ఈ రోజుకీ చింత లేదు.

నాయన్ని చూస్తేనే నా ప్రాణం ఉసూరుమంది. ఊరివాళ్ళంతా వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీల మధ్య, తెల్లగుడ్డ మీద వాలుతున్న ఈగల్ని తుండుతో తోలుతూ నిలబడ్డాడు. నా పంతం కోసం ఈ మనిషిని నలుగురిలో తలవంపులపాలు చేశానే అని ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఆయన దగ్గరికి అడుగు వేశాను.

అంతలో నాయన వెనకున్న మావాళ్ళవైపు తిరిగి గొంతెత్తాడు. "ఏందమ్మా అట్ల నిలబడినారు? రాండి, ముందరికి రాండి. బిర్యానీ చల్లారిపోతాది."

ఎవరూ కదల్లేదు. ముందు కుర్చీలో కూర్చోవడం మావాళ్ళకు అలవాటు లేదు. మిరపకోతల్లో ఆయనతో పాటు ఏళ్ళ తరబడి నడుము వంచిన ఒక ముసలామె వెనక వరసలో ఉంది. నాయన పోయి ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు రా పెద్దమ్మా" అని తీసుకొచ్చి, ఆసామికి జరిపిన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నాలుగు టేబుళ్ళూ నిండాయి. నాయన అందరికీ తనే నీళ్ళు పోశాడు.

సాయంత్రం షామియానా విప్పుతుంటే, పొద్దుటి నుంచీ ఆయన ఏమీ తినలేదని గుర్తొచ్చి ప్లేటులో బిర్యానీ పెట్టుకుని వరండాలోకి పోయాను. "తప్పు నాదే నాయనా. నా మొండితనం వల్ల నీకు తలకొట్టేసినట్టయింది" అన్నాను.

నాయన ప్లేటు అందుకున్నాడు గానీ వెంటనే తినలేదు.

"నలభై ఏండ్లు వాళ్ళింట్లో తిన్నా. పశువుల కొట్టం కాడ పెట్టినారు, తిన్నా. రాత్రి మిగిలింది పెట్టినారు, తిన్నా. ఒక్కరోజన్నా నాకు షుగరుందని చెప్పినానా అమ్మా?"

ఆయన తినడం మొదలుపెట్టాడు. ఇంకొంచెం పెట్టమని అడిగి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక, "రేపటి నుంచి ఆ చేనికి పోను. ఆయనొచ్చి మన ఇంట్లో తిన్ననాడు పోతా" అన్నాడు.

కోపంలో అన్న మాట, వారం తిరిగేసరికి చల్లారుతుందనుకున్నాను. నాయనను నేను సరిగ్గా ఎరగనే ఎరగనని అప్పుడు తెలిసింది. ఇప్పుడు రోజూ తెల్లారే లేచి, కూలి ముఠావాళ్ళతో ఆటోలో కంభం వైపు పనికి పోతున్నాడు. మోకాళ్ళు నొప్పులు. ఇంటి పట్టున ఉండమంటే వినడు. ఆసామి రెండుసార్లు కబురు చేశాడు, కంది కోతకు నువ్వు లేకుంటే పని సాగడం లేదని. వచ్చిన మనిషితో రెండుసార్లూ నాయన ఒకే మాట చెప్పి పంపాడు: "భోజనానికి ఎప్పుడొస్తాడో కనుక్కోని రాప్పా."

ఇప్పటికి రెండు కందిపంటలు ఇళ్ళకు చేరాయి. ఆయన రాలేదు. నాయన పోలేదు.