దొరస్వామి గెట్టిమేళం

మదనపల్లె టమోటా మార్కెట్లో దొరస్వామి గొంతు తెలియని రైతు లేడు. పొద్దున్నే క్రేట్ల వరసల మధ్య నిలబడి అతను వేలం పాడితే, నిమ్మనపల్లె నుంచి సరుకు తెచ్చినవాళ్ళు గేటు బయట ఆటోలో కూర్చునే ఆనాటి రేటు తెలుసుకునేవాళ్ళు. అలా అరిచీ అరిచీ, యాభై దాటాక గొంతు పోయింది. లోపల కాయలు కట్టాయి, ఇక గట్టిగా మాట్లాడితే ఉన్నదీ పోతుందన్నాడు డాక్టరు. మండీ యజమాని మంచివాడే, పనిలోంచి తీసేయలేదు. లారీలకు క్రేట్లు ఎక్కించే చోట నిలబెట్టాడు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పనిలేదు.

గొంతు లేని మనిషి మాట వినడానికి జనానికి ఓపిక ఉండదు. దొరస్వామి ఏదైనా చెప్పబోతే ఎదుటివాడు ఒకసారి "ఆఁ?" అంటాడు, రెండోసారి ఊరికే తల ఊపి వెళ్ళిపోతాడు. ఇంట్లో భార్య మునీశ్వరి అతను మాట్లాడుతుంటే టీవీ సౌండు తగ్గించడం కూడా మానేసింది. నలుగురూ మళ్ళీ తన వైపు తిరిగి చూడాలని దొరస్వామికి ఒకటే దిగులు పట్టుకుంది. ఆ దిగులుతో కొందరు తాగుతారు. ఇతను డోలు నేర్చుకోవాలనుకున్నాడు.

పుంగనూరులో గంగులప్ప అని డోలు విద్వాంసుడు. కోపం ఆయన ముక్కు మీదే ఉంటుంది. దొరస్వామి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఈ వయసులో నీకు యాలప్పా ఇది?" అన్నాడు గంగులప్ప.

"నా సప్పుడు నలుగురికీ ఇనపడల్ల సామీ."

గంగులప్పకు అది వినపడలేదు. అయినా సరే రమ్మన్నాడు.

చాలాకాలం చెక్క మీదే కొట్టించాడు. తర్వాత డోలు ఇచ్చాడు. ఎడమ చేతిలో పుల్ల, కుడి చేతి వేళ్ళకు తొడుగులు. రెండు చేతులూ రెండు రకాల పనులు చేయాలి. దొరస్వామి చేతులు అందుకు ఒప్పుకోలేదు. ఒక్క గెట్టిమేళం మాత్రం కుదిరింది. తాళి కట్టేటప్పుడు తుమ్ముగానీ అశుభం మాటగానీ చెవిన పడకుండా కొట్టేది కదా, అందులో సంగతులేమీ ఉండవు, ఊపిరాడకుండా బాదడమే. "నువ్వు పుట్టిందే దీనికప్పా" అన్నాడు గంగులప్ప. అది మెప్పు కాదు. దొరస్వామి మెప్పుగానే తీసుకున్నాడు.

ఈ మధ్య పుంగనూరులోనే ఒక పెళ్ళికి, డోలు మోయడానికి దొరస్వామిని వెంట తీసుకుపోయాడు గంగులప్ప. తాళిబొట్టు పెద్దలందరి చేతా తాకించుకుని వచ్చి పెళ్ళికొడుకు చేతికి చేరింది. ముహూర్తానికి ఇంకా టైముంది. గంగులప్పకు కాఫీ మీద మనసు పోయింది. డోలు దొరస్వామి మెడలో వేశాడు.

"అంతలోకే వచ్చేస్తా. పెద్దోళ్ళు ఎవురన్నా వేలు ఎత్తి ఆడిస్తే మాత్రం కొట్టు" అని చెప్పి వంటల వైపు వెళ్ళాడు.

వేలం పాడేవాడికి ఎత్తిన వేలు కనపడకపోతే అన్నం పుట్టదు. ఎంత గుంపులో ఉన్నా కనపడాల్సిందే, కనపడిన మరుక్షణం నోరు లేవాల్సిందే. దొరస్వామి ఒళ్ళంతా ఆ అలవాటుతోనే ముదిరింది. పెళ్ళికూతురు మేనమామ మధుసూదన్ పందిట్లోంచి వేలెత్తి ఆడించాడు. ఆయనకు కావలసింది ఒక కుర్చీ.

దొరస్వామి బాదాడు. నాదస్వరం వాయించే అతను పక్కకు చూడకుండా అందుకున్నాడు. జనం లేచి అక్షింతలు విసిరారు. పెళ్ళికొడుకు మాత్రం ఏం చేస్తాడు పాపం, వంగి ఒక ముడి వేశాడు.

పంతులు వెళ్ళి అతని చేయి పట్టుకున్నాడు. మిగతా రెండు ముడులూ ముహూర్తానికే వేయాలి. అంతవరకూ చేయి తీయకూడదు, మేళం ఆగకూడదు. ముడికీ ముడికీ మధ్య పందిరి మూగబోతే అంతకన్నా అశుభం లేదని కూడా పంతులే అరిచి చెప్పాడు. గంగులప్ప కాఫీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. డోలు ఆయన మెడలోకి మారాలంటే వాయింపు ఆగాలి.

"మొదులుపెట్టినోడివి నువ్వే. ముగించేది నువ్వే. ఆపినావంటే సంపుతా!" అన్నాడు.

దొరస్వామి ఆపలేదు. నాదస్వరం అతనికి ఊపిరి చాలక మధ్యలోనే దించేశాడు. దొరస్వామి కొట్టాడు. పెళ్ళికూతురు తల వంచుకుని, పెళ్ళికొడుకు నడుం వంచుకుని ఉన్నారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. తొడుగుల కింద వేళ్ళు చిట్లి డోలు మీద నెత్తుటి మరకలు పడ్డాయి. తన మూలంగా ఆ పిల్ల బతుకు ఏమవుతుందోనని దొరస్వామికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టాడు. చివరికి పంతులు చేయి వదిలాడు, రెండో ముడి, మూడో ముడి పడ్డాయి.

డోలు ఆగింది. మధుసూదన్ మండిపడుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పందిరి మొత్తం ఇటు తిరిగింది. దొరస్వామి చేతులు జోడించి, పెళ్ళికూతురి వైపు చూస్తూ తనకున్న గొంతుతోనే అన్నాడు:

"తప్పయిపోయిందమ్మా. సల్లగుండు."

కుర్చీలు కదల్లేదు, ఎవరూ దగ్గలేదు. చిట్టచివరి వరసలోంచి ఒక ముసలామె బదులు చెప్పింది:

"పోనీలేప్పా. ఇనపడిందిలే."