ఒకే రక్తం, రెండు పేర్లు

రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తరం వెంట తరం ఎందుకు వస్తుందో జన్యువుల్లో వెతకడం నా పని. శ్రీకాకుళం దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో అలాంటి కుటుంబం ఉందని తెలిసి, 2015లో మా ల్యాబ్ టెక్నీషియన్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. మాది శృంగవరపుకోట. మా వైపు మనుషులే కదా, నమ్ముతారనుకున్నాను.

ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లిద్దరు, చేపలమ్ముకుని బతుకుతారు. తల్లి, పెద్దమ్మ ఈ జబ్బుతోనే పోయారు. అక్కకి రెండేళ్ల కిందట ఎడమ రొమ్ము తీసేశారు. చెల్లెలికి అప్పటికి ఏమీ లేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"కిడ్నీలకని ఇంతకుముందు వచ్చినోలూ రగతం తీసికెల్నారు. ఏటొచ్చిందో సెప్పడానికి ఒక్కలూ తిరిగి రానేదు. నువ్వొస్తావేటి?"

"వస్తాను."

"మా రగతం ఎవలికి అమ్ముతారు?"

ఎవరికీ అమ్మబోమని సమ్మతి కాగితంలో రాసి ఉందన్నాను. ఆమె ఆ కాగితం అందుకోలేదు.

అక్క మాత్రం పొద్దున్నే సామాజిక భవనానికి వచ్చి రక్తమిచ్చింది. టెక్నీషియన్ తీశాడు. మధ్యాహ్నం అతను ఐసు కోసం వెళ్లినప్పుడు, తలమీంచి మొహానికి అడ్డంగా కొంగు లాక్కుని చెల్లెలూ వచ్చింది. పేరు చెప్పి, వేలిముద్ర వేసి, ఎడమ చెయ్యి చాపింది. ఏమన్నా అడిగితే లేచి వెళ్లిపోతుందేమోనని నేను నోరెత్తకుండా రక్తం తీసుకున్నాను.

మూడు నెలలకి ఫలితాలు వచ్చాయి. ఇద్దరి జన్యువులూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఒకే పోలిక కవలలకైతే అలా ఉంటుంది. వీళ్లకి ఎనిమిదేళ్ల తేడా.

నా అనుమానం నేరుగా టెక్నీషియన్ మీదికి పోయింది. సాలూరు లారీ డ్రైవర్ కొడుకు, మితభాషి. ఒక గొట్టం పగిలిపోయి ఉంటుంది, చెప్పడానికి భయపడి రెండో దాంట్లోది సగం పోసి ఉంటాడు అనుకున్నాను. అతను భోజనానికి వెళ్లినప్పుడు అతని నోటుబుక్కు తిరగేశాను. వారం రోజులు అలా కాపు కాసి, చివరికి అడిగేశాను.

అతను చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టాడు. "మీరు నా బుక్కు సూస్తన్నారని నాకు తెలుసు మేడమ్. ఏ పేజీలో తప్పుందో సూపించండి."

చూపించలేకపోయాను. అయినా అతని పని ఇంకొకరికి అప్పగించి, ఒక్కదాన్నే మళ్లీ ఆ ఊరెళ్లాను.

అక్క ఉప్పుచేపలు ఆరేస్తోంది. సంగతి చెప్పగానే దాచకుండా ఒప్పుకుంది.

"రెండూ నావే డాట్రమ్మా. సెల్లి రానంది. అది రాకపోతే నా ఆసుపత్రి కార్డు తీసేత్తారని ఎవలో అన్నారు. దాని బదులు నానే కూకున్నాను."

"మరి ఎడమ చెయ్యెందుకు ఇచ్చావు?"

"కుడి సేతికి పొద్దున్న పొడిసిన గుర్తున్నాది కదా, సూసేస్తావని."

ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది గుచ్చకూడదు, వాచిపోతుంది. ఆ మాట ఆసుపత్రిలో ఆమెకి చెప్పారు, నాకూ తెలుసు. వారం రోజులు వాచి తగ్గిందట. ఆ మధ్యాహ్నం నేను నరం వెతుక్కున్నాను గాని మనిషి మొహం చూడలేదు. ఆ చెయ్యి పట్టుకుని, వాపేమన్నా మిగిలిందేమో నొక్కి చూశాను. తర్వాత, కార్డుకీ మాకూ సంబంధమే లేదని చెప్పాను.

చెల్లెలు లోపల్నుంచి వింటూనే ఉంది. బయటికొచ్చి అడిగింది. "నాకున్నాదని వస్తే ఎవలెవలికి సెప్తావు?"

"నీకొక్కదానికే."

"మా యక్కకి?"

"నువ్వు చెప్పమంటేనే."

"అయితే నా కల్లముందే పేరు రాయి."

రాశాను. రక్తం తీశాక గొట్టానికి ఆ చీటీ తనే అంటించింది.

తిరిగొచ్చి టెక్నీషియన్‌ని క్షమించమని అడిగి, అతని పని అతనికే తిరిగి ఇచ్చాను. "సరే మేడమ్" అన్నాడు. కానీ ఆ రోజునుంచి ప్రతి గొట్టం తెరిచే ముందు నాచేత సంతకం పెట్టించుకునేవాడు. రెండేళ్లకి ఉద్యోగం మారేదాకా ఒక్కరోజు కూడా మానలేదు.

అక్కలో ఉన్న జన్యులోపం చెల్లెలిలో లేదు. ఆ కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. ఆమె మొహంలో సంతోషం కనిపించలేదు.

"నాను బయపడతానని మంచిమాట సెప్తన్నావేటి? మాయమ్మకున్నాది, అక్కకున్నాది. నాకెందుకు నేదు?"

తల్లినుంచి బిడ్డకి సగమే వస్తుందనీ, నీకొచ్చిన సగంలో అది రాలేదనీ చెప్పాను. అయినా అందరు ఆడవాళ్లలాగే అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోమన్నాను.

"ఇంకో డాట్రుకి సూపిస్తాను" అంటూ కాగితం మడిచింది.

"చూపించు."

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. చెల్లెలు బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి ఎవరో డాక్టరుకి ఆ కాగితం చూపించిందట. ఆయనా నేను చెప్పిందే చెప్పాడట. నువ్వూ ఆవిడా ముందే కూడబలుక్కున్నారా అని ఆయన్ని అడిగి వచ్చిందట.