నలుపు తెల్లబడే గది

మా పెదనాన్న దుకాణాలకీ గోదాములకీ కెమెరాలు బిగిస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. "లోకంలో దొంగలందర్నీ పట్టిస్తారు, సొంత కళ్ళజోడు మాత్రం నేను వెతికి పెట్టాలి" అని పెద్దమ్మ దెప్పుతుంటుంది. నిచ్చెన దిగగానే ప్రతి యజమానికీ ఆయన ఒకే మాట చెప్పేవాడు: "మనిషి అబద్ధం ఆడతాడేమో గానీ అయ్యా, కెమెరా ఆడదు."

ఒక బట్టల గోదాములో పట్టపగలు పెట్టె మాయమైంది. వీడియోలో తెల్ల చొక్కా మనిషి ఒకడు పెట్టె మోసుకుపోతున్నాడు. వీపు తప్ప మొహం కనిపించదు. అక్కడ తెల్ల చొక్కా వేసుకునేది సరుకుల లిఫ్టు నడిపే అతనొక్కడే. అది అతని యూనిఫాం. రేపట్నించి రావద్దన్నారు. అతను నేరుగా పెదనాన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆ కెమెరా నువ్వు పెట్టిందేగా. నువ్వే దానికి నచ్చజెప్పాలి."

కెమెరా బిగించిన రోజు పెదనాన్న మరిచిపోయిన స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు వీధులు పరిగెత్తుకొచ్చిన మనిషి ఇతను.

వీడియో చూడగానే పెదనాన్నకు విషయం అర్థమైంది. ఆ గదికి కిటికీ లేదు. వెలుగు చాలనప్పుడు ఆ కెమెరా రంగులు వదిలేసి, కంటికి కనిపించని వెలుతురు తనే చిమ్ముకుని చూస్తుంది. ఆ వెలుతురులో నల్ల బట్టలు చాలావరకు తెల్లగా పడతాయి. ఇంకో దీపం పెట్టించమని ఆ రోజే చెప్పాల్సింది. పెట్టెలకు రంగులెందుకులే అని ఊరుకున్నాడు.

మర్నాడు నల్ల చొక్కా వేసుకుని వెళ్ళి, యజమానిని తెర ముందు కూర్చోబెట్టి, ఆ గదిలో నిలబడి వచ్చాడు. తెర మీద ఆయన పాలలో ముంచి తీసినట్టున్నాడు.

"సరేనయ్యా, నల్ల చొక్కావాళ్ళూ తెల్లగా కనిపిస్తారు. మరి తెల్ల చొక్కా?"

"అదీ తెల్లగానే కనిపిస్తుందండీ."

"అంటే అతను కాదని నువ్వూ చెప్పలేవు."

"అతను అలాంటివాడు కాదండీ. నా స్క్రూడ్రైవరే..."

"స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చినవాడు పెట్టె ముట్టుకోడా? అందరినీ అనుమానిస్తూ కూర్చుంటే నా గోదాము నడవదు. అయినా, కెమెరా అబద్ధం ఆడదన్నది నువ్వేగా?"

పెదనాన్న యజమాని గదిలోంచి మెట్లు దిగాడు.

మెట్ల కింద లిఫ్టు అతను కాచుకుని ఉన్నాడు. పెదనాన్న మొహం చూసి అన్నాడు:

"నువ్వు చూశావుగా అన్నా. ఆ వీపు నాదిలా ఉందా?"

"అందులో ఎవరి వీపైనా ఒకటేరా తమ్ముడూ. నాది కూడా."

అతను సంచిలోంచి ఉతికి మడతపెట్టిన తెల్ల చొక్కా తీశాడు. "యూనిఫాం వాళ్ళది. తిరిగివ్వమన్నారు. నువ్వే ఇచ్చెయ్యి, నేను ఆ మెట్లెక్కలేను."

పెదనాన్న చొక్కా అందుకుని, దిగిన మెట్లే మళ్ళీ ఎక్కాడు.