డివైడర్ మీద బిందె

హిందూపురంలో మా వీధికి కుళాయి నీళ్లు వచ్చి వారమైంది. ఈ రోజు పొద్దున ట్యాంకర్ చప్పుడు వినగానే అందరం బిందెలు వరసలో పెట్టేశాం. అది మమ్మల్ని దాటిపోయి మెయిన్ రోడ్డులో కొత్త డివైడర్ దగ్గర ఆగింది.

"ఇవి చెట్లకు అక్కా, మీకు కాదు" అన్నాడు డ్రైవర్. రోజూ పోస్తారట! విరగబూసిన ఆ కాగితంపూల మొక్కలను చూసి నా కడుపు మండిపోయింది.

పక్కింటి అవ్వ మాత్రం గొడవ పడలేదు. డివైడర్ ఎక్కి, రెండు మొక్కల మధ్య తన బిందె పెట్టింది.

"ఇదీ ఒక చెట్టే అనుకోప్పా, నీళ్లు పెట్టు."

డ్రైవర్ నవ్వేసి నింపాడు. నిండు బిందెతో అవ్వ నా ముందు నుంచే ఇంటికి పోయింది. ఇప్పుడు మొక్కల కన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కుళ్లుగా ఉంది.

రేపు నా బిందె కూడా మొక్కల వరసలోనే. మీ ఊళ్లో నీళ్లు ముందు ఎవరికి పోస్తున్నారు?