తాతయ్య తిథి మారిన ఏడాది

మా ఇంట్లో నాన్న పుట్టినరోజు ఎప్పుడూ జరగలేదు. ఆయన ఆషాఢ బహుళ పంచమి నాడు పుట్టారు. ఆ రోజే, నాయనమ్మ ఇంకా పురిటి మంచం మీద ఉండగానే, తాతయ్య యుద్ధంలో పోయారని టెలిగ్రాం వచ్చింది. బర్మాలో అని ఉంది గానీ ఏ రోజున పోయారో అందులో లేదట. పోయిన తిథి తెలియనప్పుడు కబురు విన్న తిథికే తద్దినం పెట్టాలని పెద్దలు తేల్చారు. అలా తండ్రి తద్దినమూ కొడుకు పుట్టినరోజూ ఒకటైపోయాయి.

ఏటా ఆ రోజు మధ్యాహ్నం దాకా నాన్న పచ్చి మంచినీళ్లు ముట్టరు. తలంటు లేదు, కొత్త బట్ట లేదు, ఇక నీచు మాట సరేసరి. అసలు కష్టం అక్కడే ఉంది. ఆషాఢంలో గోదారికి ఎర్రనీరు తగిలితే పులసలు ఎదురీదుకుంటూ వస్తాయి. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమలో పుట్టిన మనిషి మా నాన్న. అంతర్వేదిలో ఆయన స్నేహితుడొకాయన ఉండేవారు. ఆయన చేప పంపితే, పగబట్టినట్టు, సరిగ్గా తద్దినం రోజునే వచ్చేది.

"మీ తాతయ్యక్కూడా పులసంటే ప్రాణమేనటమ్మా. పైనించి చూసి ఆయనెంత ఉసూరుమన్నారో" అనేవారు నాన్న, గారెలు తింటూ.

నాయనమ్మ మాత్రం ఏటా తద్దినానికి ముందు రోజు కొడుకుని పీట మీద కూర్చోబెట్టి, మాడున నూనె పెట్టి తలంటేదట. నోట్లో బెల్లంముక్క పెట్టేదట. ఇవాళ ఎందుకమ్మా అంటే, "నెత్తినిండా మట్టేరా" అనేదట. ఆ మట్టి వట్టి సాకని నాన్నకి పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

కిందటి మాఘంలో మా బియ్యానికి పురుగు పట్టింది. డబ్బా ఖాళీ చేసి కడుగుతుంటే కొలగిన్నె నా చేతికొచ్చింది. పిడి మడత పడే ఆ అల్యూమినియం గిన్నెని తాతయ్య సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చి, తిరిగి వెళ్తూ ఇంట్లో వదిలారు. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ దానితోనే బియ్యం కొలిచింది, తర్వాత అమ్మ అందుకుంది. దాని అడుగున గీసిన అంకెలు కొట్టువాడి గుర్తులని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. తరాలుగా దానితో కొలుచుకుని వండుకు తిన్నాం గానీ తిరగేసి ఆలోచించినవాళ్లు లేరు. మలికిపురం బళ్లో పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నాది మరీ సిగ్గుచేటు.

ఆ రోజు గట్టిగా తోమేసరికి అంకెల పక్కన తాతయ్య ఇంటిపేరు తేలింది. అది సిపాయి నంబరని అప్పుడు తట్టింది. యుద్ధంలో చనిపోయినవాళ్ల వివరాలు వెతికే వెబ్‌సైటు ఒకటి ఉంటే, తడి చేతులతోనే ఆ నంబరు కొట్టాను. తాతయ్య దొరికారు. పేరు, తండ్రి పేరు, రాజోలు తాలూకా, వయసు ఇరవై నాలుగు, పోయిన తేదీ. రంగూన్ దగ్గరి స్మారకంలో ఆయన పేరు చెక్కిన రాయి ఫొటో కూడా ఉంది.

ఫోను నాన్నకిచ్చాను. ఆయన ఆ పేరుని వేళ్లతో పెద్దది చేసి చూశారు. తండ్రి ఫొటో కూడా లేని మనిషికి ఆ అక్షరాలే మొహమయ్యాయి.

"ఇరవై నాలుగేనా? మన చిన్నాడి వయసు కదమ్మా" అన్నారు. చిన్నాడంటే నా కొడుకు. నాన్న ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అమ్మ కూడా కళ్లు తుడుచుకుని, "తేదీ తెలిసింది కదా, పంతులుగారికి చూపించండి" అంది. మా అమ్మ ఎంత ఏడుపులోనూ పని మరిచిపోదు.

పంతులుగారు లెక్క కట్టి చైత్ర శుద్ధ ద్వాదశి అన్నారు. అంటే టెలిగ్రాం మూడు నెలలు ఆలస్యంగా వచ్చిందన్నమాట. ఇకమీదట తద్దినం చైత్రంలోనే పెట్టుకోమన్నారు. నేను సంబరపడుతుంటే నాన్న మొహంలో బెంగ కనిపించింది.

"ఇన్నేళ్లూ ఆషాఢంలో వచ్చి తిని వెళ్లేరండి. ఇప్పుడు మారిస్తే, అలవాటుగా ఆ రోజే వచ్చి ఆకలితో వెళ్లిపోతారేమోనండి" అన్నారు.

"ఆయ్, మిలిటరీలో చేసిన మనిషండి ఆయన. డ్యూటీ మారిందని ఓ మాట చెప్పండి చాలు. టయానికి అక్కడుంటారు" అన్నారు పంతులుగారు.

నాన్న నిజంగానే చెప్పారు. చైత్రంలో పిండం గోడ మీద పెట్టి, పక్కింటివాళ్లకి కూడా వినబడేలా, "నాన్నగారూ, డ్యూటీ మారిందండి. ఇకనించి ఈ రోజే రండి. ఆషాఢంలో రాకండి, నా పుట్టినరోజు" అన్నారు. మామూలుగా గంటసేపు బతిమాలించుకునే కాకి వెంటనే వచ్చి వాలింది. అమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

ఆషాఢ పంచమి వచ్చింది. నాన్న అలవాటు కొద్దీ కాఫీ ముట్టకుండా వరండాలో కూర్చున్నారు.

"ఇవాళ తాగొచ్చండీ" అంటూ అమ్మ గ్లాసు చేతికిచ్చింది. ఆయన ఒకసారి ఆకాశం కేసి చూసి తాగారు. వంటింట్లో పులస ముక్కలు పసుపూ ఉప్పూ పట్టించుకుని సిద్ధంగా ఉన్నాయి. తాతయ్య గిన్నెతో అమ్మ బియ్యం కొలిచింది.

నేను పీట వేసి నాన్నని కూర్చోబెట్టాను. మాడున నూనె పెద్దవాళ్లు పెట్టాలి. ఆయనకి పెద్దవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు కాబట్టి నేనే పెట్టాను. నాలుగు వెంట్రుకలున్న ఆ తల నా అరచేతి కింద వెచ్చగా ఉంది. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

"నెత్తినిండా మట్టే నాన్నా" అన్నాను.

ఆయన కళ్లు మూసుకునే నవ్వారు. ఆ తర్వాత, బెల్లం కోసం నోరు తెరిచారు.